పశువైద్య వృత్తియు ప్రభుత్వ శాసనములును: ఒక చారిత్రక పరిశీలనము

మనుష్యులకు వైద్యము చేయువారి పేరులను ప్రభుత్వపు పట్టికలో నమోదు చేయు పద్ధతి మన దేశమున ప్రారంభమై నూఱేండ్లు దాటినది. బొంబాయి రాజధానిలో 1912లోను, చెన్నరాజధానిలో 1914లోను ఇందులకై శాసనములు వెలువడినవి. నోరులేని పశువులకు వైద్యము చేయువారి విషయమున మాత్రము అట్టి కేంద్ర శాసనము 1984 వఱకు పుట్టలేదు. నడుమ 70 సంవత్సరములు గడచినవి. ఇంత ఆలస్యమేల కలిగినది? ఆ శాసనము వచ్చిన పిమ్మట పల్లెలోని పాత పశువైద్యుని గతి యేమైనది? పొరుగు రాష్ట్రములలో తరతరములుగా స్థిరపడి, సేద్యమును పాడిని నమ్ముకొని బ్రదుకుచున్న తెలుగువారికి ఈ చరిత్రతో సంబంధ మెట్టిది? ఈ మూడు ప్రశ్నలను విచారించుటయే ఈ వ్యాసముయొక్క ఉద్దేశము.

పశువైద్యము మనకు క్రొత్త విద్య కాదు. సంస్కృతమున శాలిహోత్రుని పేర అశ్వశాస్త్రము ప్రసిద్ధము. తెలుగున మనుమంచి భట్టు అశ్వలక్షణములను గూర్చి పద్యకృతి రచించెను. శాలిహోత్రుని పేరునుండియే పుట్టిన ‘సాలోత్రి’ యను మాటతో ఆంగ్లేయుల సైన్యమునందలి దేశీయ అశ్వవైద్యులను పిలుచుచుండిరి. అయితే గ్రంథములును సైన్యములును గుఱ్ఱమును ఏనుగును ఆదరించినంతగా ఎద్దును గేదెను ఆదరింపలేదు. నేను పాఠము చెప్పు హోసూరు సీమలో 1824లో నెలకొల్పబడిన పశుక్షేత్రము సైతము మొదట సైన్యపు గుఱ్ఱముల కొఱకే యేర్పడినది. రైతు పశువునకు దిక్కైనవాడు పల్లెలోని నాటువైద్యుడే. ఆకుపసరు పోయుట, వాత వేయుట, బెణికిన కాలికి కట్టు కట్టుట, అడ్డము తిరిగిన దూడను సవరించి తీయుట అతని విద్యలు. అతనికి పట్టము లేదు, పట్టిక లేదు. ఊరివారి నమ్మకమే అతనికి అనుమతిపత్రము.

ఆంగ్ల ప్రభుత్వము మొట్టమొదట నిబంధించినది వైద్యుని కాదు, రోగమును. చెన్నరాజధానిలో పశురోగముల శాసనము 1866లో వచ్చినది. దేశమును పీడించుచుండిన పశుమారులను విచారించుటకు నియమింపబడిన సంఘము 1871లో తన నివేదికను సమర్పించినది. గుఱ్ఱములకు వచ్చి మనుష్యులకు సైతము అంటుకొను గ్లాండర్సు వ్యాధిని అరికట్టుటకు 1899లో మఱియొక శాసనము పుట్టినది. రోగము సోకిన పశువును వేఱుచేయుట, అవసరమైనచో చంపించుట మొదలగు అధికారములు ఇట్టి శాసనముల వలన ఉద్యోగులకు లభించినవి. కాని పశువునకు మందు పోయువాడెవడు, వాని చదువేమి యని ఇవి అడుగలేదు. ఇంగ్లండులోనో, 1881నాటి శాసనముచే అర్హత లేనివాడు పశువైద్యుడనని చెప్పుకొనుట నేరమైనది. ఆ రక్షణము ఇచటి రైతునకు లభింపలేదు.

ఈలోగా విద్యాలయములు వెలసినవి. లాహోరున 1882లోను, బొంబాయిలో 1886లోను, కలకత్తాలో 1893లోను, చెన్నపట్టణమున 1903లోను పశువైద్య కళాశాలలు స్థాపింపబడినవి. చెన్నపట్టణపు వేపేరి కళాశాల 1930ల నడుమ విశ్వవిద్యాలయమునకు అనుబంధమై, పశువైద్యమున పట్టమొసగుటలో దేశమునకే మొదటిదైనది. ఆంధ్ర రాష్ట్రము 1953లో వేఱుపడువఱకు తెలుగు జిల్లాల విద్యార్థులును తమిళ జిల్లాల విద్యార్థులును అచట ఒకే బల్లపై కూర్చుండి చదివిరి. పిదప 1955లో బాపట్లలో వేఱు కళాశాల యేర్పడి, 1957లో తిరుపతికి తరలినది. హైదరాబాదున 1946నాటికే కళాశాల యుండెను. అయినను ఈ కళాశాలల పట్టము సర్కారు ఉద్యోగమునకు అర్హత మాత్రమే. పట్టము లేనివాడు వైద్యము చేయరాదను కట్టడి లేదు.

స్వాతంత్ర్యానంతరమును ఈ కొఱత తీరకపోవుటకు ఒక ముఖ్యకారణము రాజ్యాంగపు ఏర్పాటులోనే కలదు. వైద్య, న్యాయ వృత్తులను రాజ్యాంగము ఉమ్మడి జాబితా 26వ అంశమున చేర్చినది. కావున పార్లమెంటు వానిపై నేరుగా శాసనము చేయవచ్చును. పశువైద్య శిక్షణమును, వృత్తియు రాష్ట్ర జాబితా 15వ అంశమున పడినవి. ఒక రాష్ట్రమునుండి మఱొక రాష్ట్రమునకు ప్రాకు పశురోగముల నివారణము మాత్రము ఉమ్మడి జాబితా 29వ అంశమున నున్నది. అనగా రోగమునకు ఎల్లలు లేవని అంగీకరించిన రాజ్యాంగము వైద్యుని ఎల్లలోపల నిలిపినది. సరిహద్దు గ్రామములందు నివసించు మనకు దీని భావము సులభముగ బోధపడును. సంతకు పోయి వచ్చిన ఎద్దు ఏ రాష్ట్రపు గాలికుంటును తెచ్చినదో ఎవరు చెప్పగలరు?

కొన్ని రాష్ట్రములు తమంతట తాము శాసనములు చేసికొనినవి. మహారాష్ట్రము 1971లో పశువైద్యుల శాసనము చేసినది. దేశమంతటికి ఒకే పద్ధతి కావలెనన్నచో రాజ్యాంగపు 252వ అధికరణమే మార్గమయ్యెను. రాష్ట్ర శాసనసభలు తీర్మానించి కోరినచో పార్లమెంటు రాష్ట్రవిషయముపై సైతము శాసనము చేయవచ్చునని ఆ అధికరణము చెప్పుచున్నది. హర్యానా, బీహారు, ఒడిస్సా, హిమాచల ప్రదేశము, రాజస్థానము అట్లు కోరగా, 1984లో భారత పశువైద్య మండలి శాసనము వెలువడినది. తక్కిన రాష్ట్రములు తీర్మానములద్వారా క్రమముగా దానిని స్వీకరింపవలసి వచ్చినది. మండలి 1989లో ఏర్పడినది.

ఈ శాసనముయొక్క సారము నాలుగు మాటలలో చెప్పవచ్చును. గుర్తింపుపొందిన పట్టము గలవారి పేరులు రాష్ట్ర పట్టికలోను, తద్ద్వారా అఖిలభారత పట్టికలోను చేరును. అట్లు చేరినవారే పశువైద్యము చేయుటకు, పశువుల ఆరోగ్యపత్రముపై సంతకము చేయుటకు, న్యాయస్థానమున నిపుణులుగా సాక్ష్యమిచ్చుటకు అర్హులు. వృత్తిమర్యాదలను గూర్చి 1992లోను, విద్యాప్రమాణములను గూర్చి 1993లోను నియమములు వచ్చినవి. టీకా వేయుట, వట్టలు కొట్టుట, గాయములకు కట్టు కట్టుట వంటి చిన్న సేవలను మాత్రము, నమోదైన వైద్యుని పర్యవేక్షణలో, తగిన శిక్షణపత్రము గల సహాయకులు చేయుటకు రాష్ట్రప్రభుత్వము అనుమతింపవచ్చును. పట్టమును శిక్షణపత్రమును లేని నాటువైద్యునికి ఇందులో చోటు లేదు.

ఇది న్యాయమా? ఈ ప్రశ్న నాకు కేవలము పుస్తకములది కాదు. మా తాతగారు పశువులకు మందిచ్చువారు. విఱిగిన కాలికి వెదురుబద్దలు కట్టుటలో ఆయనకు సాటి లేరని పెద్దలు చెప్పుదురు. ప్రతిఫలముగా ఒక్క పైసా పుచ్చుకొనలేదు. కాని దొమ్మవ్యాధితో చచ్చిన పశువును కోయరాదని ఆయనకు తెలియదు. ఒకసారి అట్టి ఎద్దు చర్మము ఒలువుడని ఆయనే చెప్పిరట. ఒలిచినవారిలో ఒకని చేతిపై నల్లని పుండు లేచి, అతడు చావు తప్పి బయటపడెనట. నాటినుండి తాతగారు చచ్చిన పశువు దరికి ఎవ్వరిని పోనిచ్చువారు కారు. ఈ సంగతి మా తండ్రిగారు చెప్పినప్పుడెల్ల, శాసనము గీచిన గీత అవసరమైనదే యని నాకు తోచును. మందు విషయమును ఇట్టిదే. పశువులకిచ్చిన డైక్లోఫెనాకు వలన, కళేబరములను తిన్న రాబందులు లక్షలుగా నశించినవి. పశువులకై ఆ మందు తయారుచేయుటను ప్రభుత్వము 2006లో నిషేధింపవలసి వచ్చినది.

అయితే రెండవ పక్షమును కలదు. 5,000 పశువులకు ఒక వైద్యుడుండవలెనని జాతీయ వ్యవసాయ సంఘము 1976లో సూచించినది. ఆ లెక్క ఇంకను అనేక ప్రాంతములలో తీరలేదు. అర్ధరాత్రి ఆవు ఈనలేక బాధపడునప్పుడు రైతు పట్టికను వెదకడు, దాపున నున్న మనిషిని పిలుచును. రిండర్‌పెస్టు అను పెద్దరోగముపై 1954లో దేశవ్యాప్త ప్రణాళిక ప్రారంభమైనది. ప్రపంచమునుండియే ఆ రోగము తొలగెనని 2011లో ప్రకటింపబడినది. ఆ విజయము పట్టభద్రులతోపాటు ఊరూర తిరిగి టీకాలు వేసిన సామాన్య సహాయకులది కూడ. కావున శాసనము గీచిన గీత ఉండవలసినదే. గీతకు ఇవతల తగినంతమంది వైద్యులును, వారి క్రింద శిక్షితులగు సహాయకులును ఉండుట దానికంటె ముఖ్యము.

ఇక మన సంగతి. గాలికుంటు, గొంతువాపు, జబ్బవాపు, దొమ్మ అను పేరులను నా తరగతిలో అడిగితిని. పాడిపశువులు గల ఇండ్ల పిల్లలే గాలికుంటు నెఱుగక, కోమారి యను తమిళపు పేరు చెప్పిరి. ఇరుగుపొరుగు భాష నేర్చుట మంచిదే. కాని తాత చెప్పు రోగలక్షణము మనుమనికి అర్థము కానిచో, మనుమడు దానిని వైద్యునికి చెప్పలేడు. పశువు తనంతట చెప్పుకొనజాలదు గదా!

మన సంఘములు చేయదగిన పనులు రెండు గలవు. మొదటిది, పెద్దలు జీవించియుండగనే పశురోగముల తెలుగు పేరులను, లక్షణములను, నాటుమందులను వ్రాసి, ఆయా ప్రాంతభాషల పేరులతో జతపఱచుట. మందుల గుణదోషములను నమోదైన వైద్యులే నిర్ణయింతురు గాక. రెండవది, మన బడులలో చదివిన బాలబాలికలను పశువైద్య విద్యకు ప్రోత్సహించుట. అఖిలభారత పట్టికలో పేరు చేరినవారు దేశమున ఎచటనైనను వైద్యము చేయవచ్చును; నమోదును ఒక రాష్ట్రమునుండి మఱొక రాష్ట్రమునకు మార్చుకొనవచ్చును. రెండు భాషలు తెలిసిన వైద్యుడు ఎల్లకు ఇరువైపుల రైతులకును ఆప్తుడగును. నాటువైద్యుని మనుమలు ఆ పట్టికలో తమ పేరులు చూచుకొననగు కాలము వచ్చినది. అందులకు దారి చూపుట మన విధి.