ఎర్ర పూసకు ఊరి పేరు

ప్రత్యేక సంచికకు మన ప్రాంత చరిత్ర రాయమని మిత్రులు కోరారు. రాజుల గురించి రాసేవారు చాలామంది ఉన్నారు గనుక నేను ఒక పూస గురించి రాస్తున్నాను.

ఉంగరాల్లో పొదిగే ఎర్రని అకీకు రాయి మనకు కొత్త కాదు. ఇంగ్లీషువారు దానిని కార్నీలియన్ అన్నారు. అది కార్నెల్ అనే ఎర్రని పండును బట్టి వచ్చిన పేరు. రాయిలో ఇనుము ఉంటుంది గనుక సెగ తగిలితే ఎరుపు తేరుతుంది.

ఈ రాయిపై తెల్లని గీతలున్న పాత పూసలను వ్యాపారులు 'టిబెట్ పూసలు' అని ఎక్కువ ధరకు అమ్ముతుంటారు. టిబెట్ వారు గీతల పూసను 'జీ' అంటారు. మెరుపు అని అర్థం. అవి దేవతల సొత్తని, పొలాల్లో దొరుకుతాయని వారి నమ్మకం. అంటే టిబెట్ అన్న పేరు పూసను తరతరాలుగా దాచినవారిని చెబుతుందే గాని, చేసినవారిని చెప్పదు.

ఆ గీతల విద్య సింధు నాగరికత నాటిది. సెహ్వాన్‌లో ఒక పనివాడు చేసి చూపిన పద్ధతిని పురావస్తు శాస్త్రజ్ఞుడు మెకే 1933లో ప్రకటించారు. చాకలి సోడాను మొక్క రసంతో కలిపి, పూసపై గీసి, బొగ్గుల మీద కాల్చడమే. గీత తెల్లగా నిలిచిపోతుంది.

ఇక మన వైపు వద్దాం. నల్గొండ, మహబూబ్‌నగర్ మెట్టల్లో 'రాకాసి గుళ్లు' అనే ఇనుప యుగపు సమాధులున్నాయి. దక్షిణాదిన ఇటువంటి వాటిలో ఎర్ర పూసలు, గీతల పూసలు బయటపడ్డాయి. శాతవాహనుల కాలంలో పైఠన్ నుంచి బరూచ్ రేవుకు ఈ జాతి రాళ్లు బండ్ల మీద వెళ్లేవని ఒక గ్రీకు నావికుని గ్రంథం చెబుతుంది. ఆ గ్రీకు మాటను ఒక అనువాదకుడు కార్నీలియన్ అన్నాడు, మరొకడు ఓనిక్స్ అన్నాడు. పేర్ల చిక్కు అప్పటి నుంచీ ఉన్నదే! కొండాపూర్ తవ్వకాల్లో దొరికిన పూసల మీద 1952లో ఒక గ్రంథమే వెలువడింది. పూర్వపు నల్గొండ జిల్లా ఫణిగిరిలో 2024లో 3,730 సీసపు నాణేలతో పాటు రాతి పూసలు, గాజు పూసలు దొరికాయి.

ఏలేశ్వరం మాత్రం నాగార్జునసాగర్ నీటిలో కలిసిపోయింది. అంతకుముందే తవ్వి రాసి పెట్టారు గనుక దాని చరిత్ర మనకు మిగిలింది.

నేను ఉద్యోగం చేసిన రోజుల్లో దుక్కిలో దొరికిన పూసను పిల్లల మెడలో కట్టడం చూశాను. ఆ పూస చేతులు మారితే ఊరి పేరు పోతుంది. ఆపైన ఎవరు ఏ పేరు పెడితే అదే దాని పేరు. కనుక మిత్రులకు నా మనవి: మీ చేలో అటువంటిది దొరికితే చోటు, లోతు, తేదీ రాసి ఉంచి తహసీల్దారు గారికో, పురావస్తు శాఖకో తెలపండి. ఫైలులో నోటు రాయడం మనకు అలవాటైన పనే గదా!