స్టెఫానా, డేమనా? ఈ ప్రశ్న బేతాళుడు ఎప్పుడో అడిగేశాడు

ముందుగా ఒక హెచ్చరిక. ఈ ఎపిసోడ్‌లో ‘ద వాంపైర్ డైరీస్’ కథ చివరిదాకా చెప్పేస్తాను. 2017లో అయిపోయిన సీరియల్‌కి స్పాయిలర్ అలర్ట్ ఎందుకండీ అనొచ్చు. కానీ మా ఇంట్లో ఒక మనిషి ఇంకా చూస్తోంది. ఆవిడ వయసు ఎనభై దాటింది. అందుకే గది తలుపు వేసుకుని, కాస్త గొంతు తగ్గించి మాట్లాడుతున్నా. వాల్యూమ్ పెంచుకోండి.

చూడనివాళ్లకి రెండు ముక్కల్లో చెప్తా. అమెరికాలో 2009 నుంచి 2017 వరకు 8 సీజన్లు, 171 ఎపిసోడ్లు వచ్చిన సీరియల్ ఇది. దీనికి మూలం ఎల్. జె. స్మిత్ 1991లో మొదలుపెట్టిన నవలలు. మిస్టిక్ ఫాల్స్ అనే కల్పిత ఊరు, అక్కడ స్టెఫాన్, డేమన్ అనే అన్నదమ్ములు. 1864లో కేథరిన్ అనే ఒకే అమ్మాయి వల్ల ఇద్దరూ వాంపైర్లయ్యారు. దాదాపు నూట యాభై ఏళ్ల తర్వాత అచ్చం ఆమెలాగే ఉన్న ఎలీనా కనిపిస్తే, ఇద్దరూ మళ్లీ ఒకే అమ్మాయిని ప్రేమించారు. కేథరిన్, ఎలీనా రెండు వేషాలూ నీనా డోబ్రెవ్‌వే. ఒకే ముఖంతో, నడక మార్చి, చూపు మార్చి ఇద్దర్ని నిలబెట్టింది. మన సినిమాల్లో డబుల్ యాక్షన్ అంటే మీసం పెట్టడం, తీసేయడం కదా.

నేను ఇంజనీరింగ్ చదివే రోజుల్లో ఇది మా హాస్టల్‌కి ఒక హార్డ్‌డిస్క్‌లో వచ్చింది. 2012 మే నెలలో మూడో సీజన్ ఆఖరి ఎపిసోడ్ పడింది. ఎలీనా కారు వంతెన మీంచి నీళ్లలో పడుతుంది. లోపల ఎలీనా, ఆమె స్నేహితుడు మ్యాట్. స్టెఫాన్ ఈదుకుంటూ వస్తాడు. ముందు మ్యాట్‌ని తీసుకెళ్లమని ఎలీనా సైగ చేస్తుంది. స్టెఫాన్ ఆమె మాట విన్నాడు. మ్యాట్ బతికాడు, ఎలీనా మునిగిపోయింది. కానీ అంతకుముందు వైద్యం కోసం ఎక్కించిన వాంపైర్ రక్తం ఒంట్లో ఉండటంతో, వాంపైర్‌గా లేస్తుంది. డేమన్ అయితే ఆమె మాట వినేవాడే కాదు. ముందు ఆమెనే లాగేసేవాడు, మ్యాట్ ఏమైపోయినా సరే.

ఆ రాత్రి మా హాస్టల్ ఫ్లోర్ రెండు ముక్కలైంది. ప్రేమించిన పిల్ల మాటకి విలువిచ్చి ఆమెను పోగొట్టుకున్నవాడు గొప్పా? మాట తోసేసైనా బతికించుకునేవాడు గొప్పా? నేను స్టెఫాన్ పార్టీ. నా రూమ్మేట్ డేమన్ పార్టీ. వారం రోజులు మాటల్లేవ్. నవ్వకండి, మీరు బిగ్‌బాస్ కోసం కొట్టుకోలేదా?

ఇప్పుడు మా నానమ్మ సంగతి. మేముండేది గాజువాకలో. నాన్న స్టీల్‌ప్లాంట్‌లో చేస్తారు. సి షిఫ్ట్ పడితే రాత్రంతా మెలకువ, పగలంతా కర్టెన్లు వేసుకుని నిద్ర. మా ఇంట్లో అసలైన వాంపైర్ ఆయనే. ఆయన రాత్రి డ్యూటీకి వెళ్తే నానమ్మకి నిద్ర పట్టదు. తాతయ్య పోర్టులో కళాసీగా చేసిన రోజుల నుంచీ ఆవిడకి అదే అలవాటు. అలా ఒక రాత్రి నా పక్కన చేరి ఫోన్‌లోకి తొంగి చూసింది. ఇంగ్లీషు రాదు. ఒక్కో సీన్ ఆపి నేనే తెలుగులో చెప్తుంటాను. స్టెఫాన్ ‘చిన్నోడు’, డేమన్ ‘పెద్దోడు’, కేథరిన్ ‘ఆ పాతది’. నీళ్లలో కారు పడిన సీన్ అయిపోయాక, మా హాస్టల్ గొడవంతా చెప్పి నువ్వే పార్టీ అని అడిగా.

“ఇదేటే, బేతాళుడు కథ కదా ఇది?” అంది.

నాకు బుర్ర తిరిగింది. నానమ్మకి చదువు రాదు. తాతయ్య చందమామ తెచ్చి పైకి చదివేవారట, ఈవిడ వినేదట. ఆ మాట పట్టుకుని నేను వెతుక్కుంటూ పోయాను. దొరికింది మీకు చెప్పడానికే ఈ ఎపిసోడ్.

బేతాళ కథల పాత రూపాల్లో మనకు బాగా తెలిసింది ‘కథాసరిత్సాగరం’లో ఉంది. 11వ శతాబ్దంలో కాశ్మీర్‌లో సోమదేవుడు సంస్కృతంలో రాశాడు. అందులో బేతాళుడిని మోసిన రాజు ఉజ్జయిని విక్రమార్కుడు కాదు. పేరు త్రివిక్రమసేనుడు, ఊరు గోదావరి ఒడ్డున ప్రతిష్ఠానపురం. అంటే శాతవాహనుల రాజధాని, ఇప్పటి మహారాష్ట్రలో పైఠన్. మన గోదావరి పైకి వెళ్తే వచ్చే ఊరే.

ఆ 25 కథల్లో రెండోది మందారవతి కథ. ముగ్గురు కుర్రాళ్లు ఒకే అమ్మాయిని పెళ్లాడాలనుకుంటారు. ఈలోగా ఆమె జ్వరంతో చచ్చిపోతుంది. ఒకడు ఆమె చితాభస్మం మీదే గుడిసె వేసుకుని పడుకుంటాడు. ఒకడు ఎముకలు గంగలో కలపడానికి పోతాడు. మూడోవాడు సన్యాసిలా తిరిగి తిరిగి, చచ్చినవాళ్లని బతికించే మంత్రం సంపాదించుకొస్తాడు. అమ్మాయి లేచి కూర్చుంటుంది. ముగ్గురూ కొట్లాట. ఎవరికి భార్య కావాలి?

రాజు ఏం చెప్పాడంటే, ప్రాణం పోసినవాడు తండ్రితో సమానం, ఎముకలు మోసినవాడు కొడుకుతో సమానం, బూడిదని కావలించుకుని పడుకున్నవాడే మొగుడు. లాజిక్ చూశారా? ఆ లెక్కన డేమన్ కేసు అక్కడే కొట్టేశారు. ఎలీనా ఒంట్లోకి ఎక్కించింది డేమన్ రక్తమే అని నాలుగో సీజన్‌లో తెలుస్తుంది. అంటే ప్రాణం పోసినవాడు, తండ్రి అన్నమాట! ఈ పాయింట్ నాకు 2012లో తెలిసుంటే నా రూమ్మేట్ నోరెత్తేది కాదు.

ఇంకొంచెం వెనక్కి వెళ్దాం, ఎందుకంటే ఇక్కడ నిజంగానే రక్తం ఉంది. సోమదేవుడు తన కథలకి మూలం గుణాఢ్యుడి ‘బృహత్కథ’ అంటాడు. ఆ పుస్తకం ఇప్పుడు లేదు. కానీ దాని మీదున్న ఐతిహ్యం అద్భుతం. శాతవాహన రాజుకి సంస్కృతం రాదు. జలక్రీడలో రాణి నీళ్లు చల్లొద్దు అని సంస్కృతంలో అంటే, ఈయన మోదకాలు అడిగింది అనుకుని లడ్డూలు తెప్పించాడు. పరువు పోయింది. సంస్కృతం నేర్పడానికి ఆరేళ్లు పడుతుందని గుణాఢ్యుడు, ఆరు నెలలు చాలని శర్వవర్మ పందెం. గుణాఢ్యుడు ఓడిపోయి, పందెం ప్రకారం సంస్కృతం, ప్రాకృతం, దేశభాష మూడూ వదిలేసి అడవికి పోయాడు. ఇక మిగిలింది పైశాచి, పిశాచాల భాష. ఆ భాషలో ఏడేళ్లు కూర్చుని ఏడు లక్షల శ్లోకాలు రాశాడు. అడవిలో సిరా లేక తన రక్తంతో రాశాడు. పిశాచ భాష, పైగా రక్తపు రాత అని రాజు విసిరికొట్టాడు. గుణాఢ్యుడు మంట రాజేసి, ఒక్కో పత్రం జంతువులకి చదివి వినిపిస్తూ కాల్చేశాడు. మేత మానేసి జంతువులు ఏడుస్తూ విన్నాయట. రాజు పరిగెత్తుకొచ్చేసరికి మిగిలింది ఒక్క లక్ష. ఇది చరిత్ర కాదు, ఐతిహ్యమే. కానీ వాంపైర్ సీరియల్ చూసే మనకి ఇంతకంటే మంచి మొదటి ఎపిసోడ్ ఎక్కడ దొరుకుతుంది చెప్పండి?

సరే, ఈ బేతాళుడికి వాంపైర్ అని పేరెప్పుడు తగులుకుంది? 1870లో. రిచర్డ్ బర్టన్ అనే ఇంగ్లీషాయన, ఒకప్పుడు ఈస్టిండియా కంపెనీ సైన్యంలో పనిచేసినవాడు, ఈ కథల్లో పదకొండింటిని తీసుకుని తనకి నచ్చినట్టు తిరగరాసి ‘విక్రమ్ అండ్ ద వాంపైర్’ అని అచ్చేశాడు. వాంపైర్ అనే మాట అప్పటికి ఇంగ్లీషులో పాతదే. 1732లో సెర్బియా పల్లెల్లో శవాలు లేచి తిరుగుతున్నాయన్న వార్తలతో పత్రికల్లోకి ఎక్కింది. కానీ డ్రాక్యులా ఇంకా పుట్టలేదు. అది 1897. అంటే మన బేతాళుడు డ్రాక్యులా కంటే 27 ఏళ్లు ముందే లండన్ పుస్తకాల షాపుల్లో వాంపైర్.

డ్రాక్యులా రాసిన బ్రామ్ స్టోకర్‌కి బర్టన్ స్వయంగా తెలుసు. 1906లో రాసుకున్న జ్ఞాపకాల్లో, బర్టన్ మాట్లాడుతుంటే పైపెదవి లేచి కోరపన్ను బాకులా మెరిసేదని స్టోకర్ రాశాడు. బర్టన్ పుస్తకం వల్లే డ్రాక్యులా పుట్టింది అని నేను అనను. యూట్యూబ్‌లో అలా చెప్పేవాళ్లున్నారు, నమ్మకండి. కానీ ఆ పన్ను మాత్రం నాకు కలలోకొస్తోంది.

ఇక్కడ మన వైజాగ్ వాళ్లకి ఇంకో ముచ్చట. నవల్లో డ్రాక్యులా ఇంగ్లాండ్‌కి వచ్చింది ఓడ మీద. తుఫాన్‌లో ‘డిమీటర్’ అనే ఓడ విట్బీ రేవులో ఒడ్డుకి కొట్టుకొస్తుంది. చుక్కానికి కట్టేసుకుని చచ్చిపోయిన కెప్టెన్, ఒడ్డుకి దూకి మాయమైన పెద్ద కుక్క. 1885 అక్టోబర్‌లో నిజంగానే ‘దిమిత్రీ’ అనే రష్యన్ ఓడ విట్బీలో ఒడ్డెక్కింది. 1890లో ఆ ఊరికి సెలవులకెళ్లిన స్టోకర్ ఆ కథ విని నవల్లో పెట్టాడు. ఇప్పుడు 2020 అక్టోబర్ గుర్తు తెచ్చుకోండి. వాయుగుండం, గాలి, తెల్లారేసరికి తెన్నేటి పార్కు కింద రాళ్ల మీద బంగ్లాదేశ్ ఓడ ‘ఎంవీ మా’. సిబ్బంది క్షేమంగా బయటపడ్డారు, డ్రాక్యులా దిగలేదు, ఊరంతా సెల్ఫీలు దిగింది. నానమ్మని కూడా తీసుకెళ్లాం. “పాపం, దీన్నెవులు తోస్తార్రా మళ్లీ నీటిలోకి” అని అడిగింది. కళాసీ పెళ్లాం కదా, ఆవిడకి దెయ్యం గుర్తురాలేదు, పని గుర్తొచ్చింది.

అసలు మన బేతాళుడు ఎవరి రక్తమూ తాగడు. శవంలో దూరతాడు, కథ చెప్తాడు, ప్రశ్న వేస్తాడు. తెలిసీ చెప్పకపోతే రాజు తల పగులుతుంది. నోరు విప్పితే బేతాళుడు మళ్లీ చెట్టెక్కుతాడు. చివరికి ఆ శవాన్ని తెమ్మన్న సన్యాసి రాజునే బలివ్వబోతున్నాడని చెప్పి, ప్రాణం కాపాడేది కూడా బేతాళుడే. వాంపైర్‌కి కావలసింది నీ మెడ. బేతాళుడికి కావలసింది నీ తీర్పు. బర్టన్ పెట్టిన పేరు మీద నా గొడవ ఇదే.

ఇంకోటి. వాంపైర్‌ని ఇంట్లోవాళ్లు లోపలికి రమ్మంటేనే గుమ్మం దాటగలదు, ఇది సీరియల్‌లో పెద్ద రూల్. 90ల్లో మన ఊళ్లలో తలుపుల మీద ‘ఓ స్త్రీ రేపు రా’ అని రాసేవాళ్లు, గుర్తుందా మీ అమ్మానాన్నలకి? వాళ్ల దెయ్యం పిలుపు కోసం ఆగుతుంది. మన దెయ్యం వాయిదాకి ఒప్పుకుంటుంది. మన ఆఫీసుల్లో తిరిగి అలవాటై ఉంటుంది.

టీవీలోకి కూడా బేతాళుడు ఈ వాంపైర్ల సీరియల్ కంటే ముందే వచ్చాడు. 1985లో దూరదర్శన్‌లో రామానంద్ సాగర్ ‘విక్రమ్ ఔర్ బేతాల్’. విక్రముడు అరుణ్ గోవిల్, బేతాళుడు సజ్జన్. రెండేళ్లకి అదే గోవిల్ రాముడయ్యాడు. తెలుగువాళ్లకి మాత్రం బేతాళుడంటే టీవీ కాదు, చందమామ. 1947 జులైలో నాగిరెడ్డి, చక్రపాణి మొదలుపెట్టిన పత్రిక. అసలు కథలు 25 అయిపోయినా, కొత్తవి అల్లుకుంటూ దశాబ్దాల పాటు నడిపారు. కత్తి పట్టుకుని, భుజాన శవంతో నడిచే ఆ రాజు బొమ్మ శంకర్‌ది. 2020లో, 96 ఏళ్ల వయసులో పోయారు. మా తాతయ్య మంచం కింద ట్రంకుపెట్టెలో ఇప్పటికీ ఆ బొమ్మలున్న సంచికలు కొన్ని ఉన్నాయి, చెదలు తినగా మిగిలినవి.

సరే, ఇదంతా చదువుకుని, గొప్పగా నానమ్మకి మందారవతి కథ మొత్తం చెప్పాను. రాజు తీర్పు కూడా. బూడిద మీద పడుకున్నవాడే మొగుడు, కాబట్టి చిన్నోడే కరెక్టు, నేను గెలిచాను అన్నాను.

నానమ్మ కాసేపు మాట్లాడలేదు. తర్వాత, “ఆ పిల్లనెవులైనా అడిగినారేటే?” అంది.

లేదు. అడగలేదు. మళ్లీ తిరగేసి చూశాను. చచ్చిపోయి, కాలిపోయి, బతికి లేచిన మనిషి అక్కడే నిలబడి ఉంది. ముగ్గురు మగాళ్లు, ఒక రాజు, ఒక బేతాళుడు. ఒక్కడు కూడా ఆమె వైపు తిరగలేదు.

“నన్నూ అడగలేదు” అంది. నానమ్మ వాళ్ల అక్క కాన్పులో పోయింది. పిల్లల్ని చూడటానికి మనిషి కావాలని, పదిహేనేళ్లకి నానమ్మని బావకే ఇచ్చేశారు. ఆ బావే మా తాతయ్య. ఈ సంగతి నాకు తెలుసు, చిన్నప్పటి నుంచీ తెలుసు. కానీ అది ఒక ప్రశ్న అని నాకెప్పుడూ తట్టలేదు. “మంచోడే మీ తాత. పుస్తకం చదివి ఇనిపించీవోడు. అయినా అడగాల కదా” అని, ఫోన్ నా చేతిలోంచి తీసుకుంది. “ఈ చిన్నోడు నీటిలో ఆ పిల్ల మాట ఇన్నాడు. అందికి ఈడంటే ఇష్టం.”

ఆ తర్వాత నేను సీరియల్ చూసే పద్ధతి మారిపోయింది. ఉదాహరణకి బానీ. కాట్ గ్రాహమ్ వేసిన మంత్రగత్తె పాత్ర. ప్రతి సీజన్‌లో అందర్నీ కాపాడేది ఆమే, చచ్చేది ఆమే, తల్లినీ అమ్మమ్మనీ పోగొట్టుకునేది ఆమే. ఎవరైనా ఎప్పుడైనా అడిగారా బానీని, నీకేం కావాలి అని? ఫ్యాన్స్‌మి మనమైనా అడిగామా? స్టెఫానా డేమనా అని ఎనిమిదేళ్లు కొట్టుకున్నాం.

ఇప్పుడు మేం ఐదో సీజన్‌లో ఉన్నాం. చివరి ఎపిసోడ్‌లో స్టెఫాన్ అన్నకి బదులు తను చచ్చిపోతాడు, ఎలీనా డేమన్‌తో ఉండిపోతుంది. నిన్న రాత్రి నాన్న సి షిఫ్ట్‌కి వెళ్లాక, నానమ్మ దుప్పటి కప్పుకుంటూ అడిగింది.

“ఒలే, ఈ చిన్నోడు ఆఖరికి బతుకుతాడు కదే?”

తెలిసీ చెప్పకపోతే తల పగులుతుంది. నోరు విప్పితే మూడు సీజన్లు పోతాయి. “పడుకో నానమ్మా, రేపు చూద్దాం” అన్నాను.