టొలెడో: ఒకే నగరం, మూడు నడకదారులు

స్పెయిన్ రాజధాని మాడ్రిడ్‌కు దక్షిణంగా సుమారు 70 కిలోమీటర్ల దూరంలో టొలెడో నగరం ఉంది. టాగస్ నది మూడు వైపులా చుట్టి ప్రవహించే రాతి గుట్ట మీద ఇది వెలసింది. రోమన్లు, విసిగోత్‌లు, ముస్లింలు, క్రైస్తవులు దీనిని వరుసగా పాలించారు. 1986లో యునెస్కో దీనిని ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించింది. వీధులు ఇరుకైనవి, ఎత్తుపల్లాలతో కూడినవి. కాబట్టి ఈ నగరాన్ని కాలినడకనే చూడాలి. సందర్శకులు సాధారణంగా ఒక్కో అంశాన్ని ఎంచుకొని నడుస్తారు: ముస్లింల టొలెడో, యూదుల టొలెడో, చిత్రకారుడు ఎల్ గ్రెకో నాటి టొలెడో. మనమూ ఆ మూడు దారుల్లో నడిచి, అవి చరిత్రను ఎలా చెబుతాయో పరిశీలిద్దాం.

మొదటి దారిలో 999లో నిర్మించిన చిన్న మసీదు ఉంది. ఇప్పుడు దాని పేరు క్రీస్తో దె లా లూస్. ఇటుకలతో పేర్చిన అరబిక్ శాసనం దాని ముఖభాగం మీద నేటికీ కనిపిస్తుంది. లోపలి కమానులను మోసే స్తంభాల మీది శీర్షాలు అంతకు ముందరి విసిగోత్ కట్టడాల నుంచి తెచ్చినవి. 1085లో కాస్టీల్ రాజు ఆరవ అల్ఫోన్సో నగరాన్ని స్వాధీనం చేసుకున్నాడు. తర్వాతి శతాబ్దంలో ఈ మసీదు చర్చిగా మారింది.

రెండవ దారి యూదుల వాడకు తీసుకువెళుతుంది. అక్కడి సాంతా మరియా లా బ్లాంకా ఒకప్పుడు యూదుల ప్రార్థనాలయం. క్రైస్తవ రాజుల పాలనలో యూదుల కోసం కట్టిన ఈ మందిరంలో గుర్రపునాడా ఆకారపు కమానులు ఇస్లామీయ శైలిలో ఉన్నాయి. తర్వాత ఇదీ చర్చి అయింది. దగ్గరలోని ఎల్ ట్రాన్సితో ప్రార్థనాలయాన్ని పెడ్రో రాజు కోశాధికారి సామ్యూల్ హ లెవీ 14వ శతాబ్దంలో నిర్మించాడు. దాని గోడల మీద హీబ్రూతో పాటు అరబిక్ రాతలూ ఉన్నాయి.

మూడవ దారి ఎల్ గ్రెకోది. క్రీట్ ద్వీపంలో పుట్టిన ఈయన 1577లో టొలెడో చేరి, 1614లో మరణించేవరకు ఇక్కడే ఉన్నాడు. ఆయన ప్రసిద్ధ చిత్రం ‘ఓర్గాజ్ ప్రభువు ఖననం’ సాంతో తోమే చర్చిలో ఉంది. ఆ చర్చి గోపురం మాత్రం ముదేహర్ శైలిలో కట్టినది. అంటే క్రైస్తవ రాజ్యంలో ముస్లిం పనివారి సంప్రదాయం నుంచి పెరిగిన శైలి.

దీన్ని బట్టి ఏం తెలుస్తోంది? దారులు మూడైనా కట్టడాలు అలా విడిపోవు. ఒకే కట్టడం రెండు, మూడు దారులకూ చెందుతుంది.

నడకదారికి మరో పరిమితి ఉంది. రాతిలో మిగిలినదాన్నే అది చూపగలదు. 12వ శతాబ్దంలో ఇక్కడ అరబిక్ గ్రంథాలు లాటిన్‌లోకి అనువాదమయ్యాయి. ఇటలీ నుంచి వచ్చిన క్రెమోనా వాసి జెరార్డ్ టాలెమీ ఖగోళ గ్రంథాన్ని అనువదించాడు. ‘టొలెడో అనువాద పాఠశాల’ అని మనం పిలిచేది ఒక భవనం కాదు, పండితుల కృషి. అంతకు ముందే, 1068లో, టొలెడో న్యాయమూర్తి సాయిద్ అల్ అందలూసీ శాస్త్రాలను పెంపొందించిన జాతుల గురించి ఒక గ్రంథం రాశాడు. అందులో భారతీయులకు మొదటి స్థానం ఇచ్చాడు. మన గణిత, ఖగోళ విజ్ఞానం అరబిక్ ద్వారా అంత దూరం చేరిందనడానికి ఇదొక సాక్ష్యం.

‘మూడు సంస్కృతుల నగరం’ అన్న పేరు టొలెడోకు బాగా స్థిరపడింది. అయితే ఆ పేరు సగం చరిత్రే చెబుతుంది. 1391లో కాస్టీల్ అంతటా యూదుల వాడలపై దాడులు జరిగాయి. టొలెడో కూడా వాటిని తప్పించుకోలేదు. 1449లో, మతం మారిన యూదుల వంశీకులకు నగర పదవులు దక్కకుండా ఇక్కడ ఒక శాసనం చేశారు. 1492లో యూదులను దేశం నుంచి బహిష్కరించారు. 1502లో కాస్టీల్ ముస్లింలను మతం మారండి, లేదా వెళ్ళిపొండి అని ఆజ్ఞాపించారు. ప్రార్థనాలయాలు మిగిలాయి, వాటిలో ప్రార్థించినవారు మిగలలేదు.

కలిసి బతికిన కాలమూ నిజమే, వెళ్ళగొట్టిన కాలమూ నిజమే. రెండింటినీ చెప్పినప్పుడే అది చరిత్ర అవుతుంది. మీ ఊరిలోని పాత కట్టడాలను కలుపుతూ మీరూ ఒక నడకదారి గీయండి. ప్రతి కట్టడం దగ్గరా ఆగి మూడు ప్రశ్నలు వేసుకోండి: దీన్ని ఎవరు కట్టారు? తర్వాత ఎవరి చేతికి వచ్చింది? ఇక్కడ ఇప్పుడు కనిపించనివారు ఎవరు?