కోసి చూస్తే గడ్డ లేదు

1974లో పెద్దపేగు వ్యాధులకు సంబంధించిన ఒక అమెరికన్ వైద్య పత్రికలో మూడు పేజీల నివేదిక అచ్చయింది. రాసినవాళ్లలో మొదటి పేరు నార్మన్ నైగ్రో. డెట్రాయిట్‌లోని వేన్ స్టేట్ విశ్వవిద్యాలయంలో సర్జన్. అందులో ఉన్నది ముగ్గురంటే ముగ్గురు రోగుల సంగతి. ముగ్గురికీ మలద్వారం దగ్గర క్యాన్సర్. ఆపరేషన్ తర్వాత జబ్బు తిరగబెట్టకుండా ఉంటుందేమోనన్న ఆశతో, కత్తి పట్టుకునే ముందే రెండు మందులూ, కొంత రేడియేషనూ ఇచ్చారు. ఇద్దరికి అనుకున్నట్టే ఆపరేషన్ చేశారు. తీసిన భాగాన్ని పలచటి పొరలుగా కోసి మైక్రోస్కోపు కింద వెతికితే క్యాన్సర్ కణం ఒక్కటీ కనిపించలేదు. మూడో రోగి ఆపరేషన్‌కి ఒప్పుకోలేదు. ఆ రోగిలోనూ గడ్డ మాయమైంది.

ఈ మూడు పేజీలు నన్ను పట్టుకుని వదల్లేదు. జబ్బు తిరగబెట్టకూడదని ఇచ్చిన మందులూ రేడియేషనూ గడ్డనే లేకుండా చేశాయి. ఆ సంగతి తెలిసింది మాత్రం, లేని గడ్డ కోసం ఇద్దరు తమ శరీరంలో ఒక భాగాన్ని పోగొట్టుకున్నాకనే. ఆ ఇద్దరూ మిగిలిన జీవితమంతా పొట్టమీద సంచీతో బతకాల్సినవాళ్లు. అయినా వాళ్ల ముక్కల్ని అంత ఓపికగా వెతికి ఉండకపోతే, ఆ తర్వాత వచ్చిన వేలమందికి అదే ఆపరేషన్ జరిగి ఉండేది.

అంతకుముందు కథ అంతా కత్తిదే. 1881 జనవరిలో వియన్నాలో థియోడర్ బిల్‌రోత్ ఒక మహిళ జీర్ణాశయంలోని క్యాన్సర్ భాగాన్ని కోసి తీసి, మిగిలినదాన్ని చిన్నపేగుకు కలిపి కుట్టాడు. ఆపరేషన్ విజయవంతమైంది. నాలుగు నెలల్లోపే జబ్బు తిరిగొచ్చి ఆమె చనిపోయింది. 1908లో లండన్‌లో ఎర్నెస్ట్ మైల్స్, పురీషనాళాన్నీ మలద్వారాన్నీ కలిపి తీసేసే పద్ధతిని వివరించాడు. నైగ్రో రోగులకు జరిగింది దాదాపు ఆ ఆపరేషనే. ఈ రెంటి మధ్య అరవై ఆరేళ్లలో సర్జన్ల నైపుణ్యం ఎంతో పెరిగింది. ముందు కత్తి, తర్వాత మిగిలినదానికి మందు అన్న వరుస మాత్రం కదల్లేదు.

నైగ్రో వాడిన మందుల పుట్టుక కూడా వినదగిందే. కాలేయంలో క్యాన్సర్ ఉన్న ఎలుకల్లో ఆ గడ్డలు యురాసిల్ అనే పదార్థాన్ని మామూలు కణజాలం కంటే ఎక్కువగా లాక్కుంటున్నాయని 1954లో గమనించారు. చార్లెస్ హైడెల్‌బర్గర్ ఆ ఆకలినే వాడుకున్నాడు. యురాసిల్‌కి ఒక ఫ్లోరిన్ పరమాణువు తగిలించి 1957లో 5-ఫ్లోరోయురాసిల్‌ని లోకానికి చూపించాడు. గడ్డ దాన్ని తిండి అనుకుని తింటుంది, తిన్నాక డి.ఎన్.ఎ. తయారు చేసుకోలేదు. రెండోది మైటోమైసిన్, జపాన్‌లో మట్టిలోని సూక్ష్మజీవి నుంచి తీసిన మందు. దాని బదులు దానికి దగ్గరి బంధువైన పోర్ఫిరోమైసిన్ కూడా వాడారు.

5-ఫ్లోరోయురాసిల్ దగ్గర మన భీమవరం పేరు చెప్పకుండా దాటలేను. ఆ మందు పట్టు బిగించడానికి ఇప్పటికీ దానితోపాటు ల్యూకోవొరిన్ ఇస్తారు. అది ఫోలిక్ ఆమ్లానికి మరో రూపం. ఫోలిక్ ఆమ్లాన్ని ప్రయోగశాలలో తయారు చేసింది లెడర్లీ కంపెనీలో, భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారి బృందం. మందుతో క్యాన్సర్‌ని తాత్కాలికంగానైనా తగ్గించవచ్చని 1948లో సిడ్నీ ఫార్బర్ లుకేమియా పిల్లల్లో చూపించినప్పుడు వాడిన అమైనోప్టెరిన్ కూడా ఆ ప్రయోగశాల నుంచే వెళ్లింది. ఆ ఏడాదే సుబ్బారావుగారు పోయారు. కీమోథెరపీ చరిత్ర రాసేవాళ్లు ఆయన్ని ఒక వాక్యంతో దాటిపోవడం నాకు కష్టంగా ఉంటుంది.

ఇక నాకు అన్నిటికన్నా ఇష్టమైన కాలానికి వస్తాను. 1983 నుంచి 2001 వరకు, జిస్ట్ అనే గడ్డ తన అసలు రూపం బయటపెట్టుకున్న కాలం. జీర్ణాశయం గోడలోనో, చిన్నపేగు గోడలోనో పుట్టే ఈ గడ్డని దశాబ్దాలపాటు కండరాల గడ్డ అనుకున్నారు. 1983లో మజూర్, క్లార్క్ అనే ఇద్దరు పాథాలజిస్టులు ఎలక్ట్రాన్ మైక్రోస్కోపుతో చూసి, వీటిలో చాలావాటికి కండరపు లక్షణాలు లేవన్నారు. అయితే ఇవి మరి ఏమిటి?

జవాబు చాలా దూరం నుంచి వచ్చింది. పంతొమ్మిదో శతాబ్దం చివర్లో స్పెయిన్ శాస్త్రవేత్త రమోన్ ఇ కహాల్ పేగు గోడలో నరాల్లాంటి వింత కణాల్ని చూశాడు. పేగు ఒక లయలో కదలడానికి కారణం అవేనని తేలడానికి వందేళ్లు పట్టింది. 1992లో జపాన్‌లో పసి ఎలుకలకు, కిట్ అనే ప్రోటీన్‌ని అడ్డుకునే యాంటీబాడీ ఇస్తే వాటి పేగులు కదలడం మానేశాయి. కహాల్ కణాలు పెరగాలంటే కిట్ ఉండాలన్నమాట. ఆ కిట్ జన్యువు మొదట దొరికింది 1986లో, పిల్లుల్లో క్యాన్సర్ తెచ్చే వైరస్‌లో! పిల్లి వైరస్, ఎలుక పేగు, స్పెయిన్ వాడి పాత స్లైడ్లు – ఈ మూడూ 1998లో ఒసాకాలో కలిశాయి. సెయిచి హిరోటా, యుకిహికో కితామురా బృందం జిస్ట్ గడ్డల్లో కిట్ జన్యువు చెడిపోయి ఉందనీ, ఆ గడ్డలు కహాల్ కణాల వంశానివనీ చూపించింది. చెడిన కిట్, ఆపే వీల్లేని స్విచ్చులా, పెరగమనే ఆజ్ఞ ఇస్తూనే ఉంటుంది.

సరిగ్గా అప్పటికే స్విట్జర్లాండ్‌లోని బాజెల్‌లో ఆ ఆజ్ఞని ఆపగల మందు తయారై ఉంది. అయితే దాన్ని తయారు చేసింది దీనికోసం కాదు. ఒకరకం లుకేమియాలోని మరో ప్రోటీన్‌ని కట్టడి చేయడానికి. ఆ మందు కిట్‌ని కూడా పట్టుకుంటుంది. 2000 మార్చిలో ఫిన్లాండ్‌లో హైకి యోయెన్సూ, ఆపరేషన్లూ కీమోథెరపీ అన్నీ అయిపోయిన ఒక మహిళకి ఇంకా పేరైనా పెట్టని ఆ మాత్ర ఇచ్చాడు. రోజుకి 400 మిల్లీగ్రాములు. ఒక నెలలో, చక్కెర ఎక్కడ ఎక్కువగా ఖర్చవుతోందో చూపించే పెట్ స్కాన్‌లో గడ్డల వెలుగు ఆరిపోయింది. మరుసటి సంవత్సరం ప్రసిద్ధ వైద్య పత్రికలో ఆ ఒక్క రోగి గురించే ఒక వ్యాసం వచ్చింది. నైగ్రోకి ముగ్గురు, యోయెన్సూకి ఒక్కరు. ఇప్పుడు వందలమంది లేకపోతే పత్రిక తలుపు తెరవడం కష్టం. పెద్ద పరీక్షలు అవసరమే. కానీ ఒక్క రోగిని ఇంత శ్రద్ధగా చూసి రాసే అలవాటు పలచబడిపోవడం వైద్యానికి నష్టమేనని నేను గట్టిగా నమ్ముతాను.

ఈ మందే ఇమాటినిబ్. గడ్డ జీర్ణాశయం మొదట్లోనో, ఆంత్రమూలంలోనో, పురీషనాళంలోనో ఉంటే వెంటనే ఆపరేషన్ అంటే అవయవమంతా పోవచ్చు. ఆరు నెలలో, ఏడాదో ఈ మాత్ర వాడితే గడ్డ కుంగి, చిన్న ముక్క తీస్తే సరిపోయే స్థితికి రావచ్చు. మెత్తని పెద్ద గడ్డ ఆపరేషన్‌లో పగిలి కడుపంతా చిందే ప్రమాదం కూడా తగ్గుతుంది. ఇక్కడ ఒక వింత ఉంది. చచ్చిపోతున్న గడ్డ ఒక్కోసారి లోపల నీరో రక్తమో చేరి స్కాన్‌లో పెద్దదిగా కనిపిస్తుంది. కేవలం కొలత చూసి మందు పనిచేయడం లేదని ఆపేస్తే ఎంత అన్యాయం! 2007లో హ్యూస్టన్‌లోని రేడియాలజిస్టు హేసన్ చోయ్ బృందం కొలమానాన్నే మార్చింది. పరిమాణం 10 శాతం తగ్గినా, సీటీ స్కాన్‌లో సాంద్రత 15 శాతం తగ్గినా మందు పనిచేస్తున్నట్టే.

ఈ మాత్ర ఇక్కడి రోగికి అందిందంటే అందులో హైదరాబాదు పాత్ర ఉంది. 2003లో నాట్కో ఫార్మా వీనాట్ పేరుతో దీన్ని తెచ్చింది. అప్పట్లో బాజెల్ కంపెనీ నోవార్టిస్ అమ్మే అసలు మందు నెలకి సుమారు 1,20,000 రూపాయలు, జెనరిక్ మాత్రలు 10,000 లోపే ఉండేవి. పేటెంటు పోరు ఏళ్ల తరబడి నడిచి 2013 ఏప్రిల్ 1న సుప్రీంకోర్టు నోవార్టిస్ కోరికను తిరస్కరించడంతో ముగిసింది. ఆపరేషన్‌కి ముందు ఏడాదిపాటు మాత్ర మింగమనడం, నెలకి లక్ష ఖర్చయ్యే చోట మధ్యతరగతికి వైద్య సలహా కాదు, శిక్ష. అందుకే ఆ తీర్పు కూడా ఈ చరిత్రలో భాగమే.

మిగతా క్యాన్సర్లలోనూ ముందు కత్తి అన్న వరుస మెల్లగా మారింది. జీర్ణాశయ క్యాన్సర్‌లో 2006లో వచ్చిన మ్యాజిక్ అనే బ్రిటిష్ పరీక్ష, 503 మందిలో, ఆపరేషన్‌కి ముందూ వెనకా కీమో ఇస్తే అయిదేళ్లు బతికినవాళ్లు 23 నుంచి 36 శాతానికి పెరిగారని చూపింది. సావో పావ్‌లోలో సర్జన్ ఆంజెలీటా హబ్ర్-గామా, పురీషనాళ క్యాన్సర్‌లో మందులు, రేడియేషన్ తర్వాత గడ్డ కనిపించకపోతే కోయకుండా కనిపెట్టుకుని ఉందామంది. ఎన్నో ఏళ్లు ఆమె మాట చాలామందికి రుచించలేదు. 2022లో న్యూయార్క్‌లో ఒక ప్రత్యేక జన్యులోపం ఉన్న పురీషనాళ క్యాన్సర్ రోగులకు డోస్టార్లిమాబ్ అనే ఇమ్యునోథెరపీ మందు ఇచ్చారు. చికిత్స పూర్తయిన మొదటి 12 మందిలోనూ గడ్డ కనబడకుండా పోయింది. ఎవరికీ కత్తి పడలేదు.

మలద్వార క్యాన్సర్ విషయంలో నైగ్రో పద్ధతికీ ఆపరేషన్‌కీ పోటీపెట్టిన పెద్ద పరీక్ష ఎప్పుడూ జరగలేదు. ఫలితం కళ్లముందు అంత స్పష్టంగా ఉన్నప్పుడు, సగంమందిని ఆ ఆపరేషన్‌కి కేటాయించడానికి ఎవరికీ చేతులు రాలేదు. జిస్ట్‌లో మాత్రం ఇప్పటికీ ఒక మెట్టు తప్పక ఎక్కాలి. మందు మొదలుపెట్టేముందు జన్యుపరీక్ష చేయించాలి. పి.డి.జి.ఎఫ్.ఆర్.ఎ. జన్యువులో డి842వి అనే మార్పు ఉంటే ఇమాటినిబ్ పనిచేయదు. గడ్డ కుంగుతుందని నెలలు ఎదురుచూస్తే ఆ నెలలు వృథా. అలాంటివాళ్లకి అవాప్రిటినిబ్ అనే మరో మాత్ర 2020లో అమెరికాలో అనుమతి పొందింది.