మగ్గం పక్కన ఖాళీ అయిన చోటు

సమాఖ్య వార్షికోత్సవ సంచికకు ఏదైనా చరిత్ర రాయమని మన పెద్దలు అడిగారు. మేము చదివింది ఎనిమిదో తరగతి. రాజుల చరిత్ర మాకు రాదు, మగ్గం చరిత్ర కొంత తెలుసు. అందులోనూ ఒక్క సంగతే రాస్తాం. పెద్దల చేతిలోని విద్య పిల్లలకు ఎట్లా వచ్చేది, అది ఎక్కడ ఆగింది అన్నది.

మావి కంచిలో తరాలుగా ఉంటున్న తెలుగు నేత కుటుంబాలు. ఇంట్లో తెలుగు, వీధిలో అరవం. కంచి పట్టుకు పేరు తెచ్చింది కోర్వై పని. చీర ఒంటి రంగు వేరు, అంచు రంగు వేరు. నేసేటప్పుడే ఒంటి పేకను అంచు పేకతో చిక్కించి కలపాలి. దీనికి మూడు నాడెలు కావాలి, ఒంటికి ఒకటి, రెండు అంచులకు రెండు. గుంట మగ్గంలో కూర్చున్న నేతగాడు ఒక్కడే మూడింటినీ ఆడించడం కష్టం. అందుకని ఒక వైపు అంచు నాడె వేయడానికి పక్కన ఇంకొకరు కూర్చునేవారు.

ఆ ఇంకొకరు చాలా ఇళ్లలో పిల్లవాడే. కొడుకో, మేనల్లుడో, పొరుగింటి కుర్రాడో. మాకు అదే బడి. నాయన కాలు ఎప్పుడు తొక్కుతుందో, పలక ఎంత గట్టిగా కొడుతుందో, తెగిన పోగును ఎట్లా అతుకుతాడో రోజంతా చూడటమే పాఠం. నోటితో చెప్పింది తక్కువ. మొట్టికాయ మాత్రం తప్పేది కాదు.

ఈ ఏర్పాటులో ఒక లెక్క ఉంది, మనం దాన్ని ఎప్పుడూ విప్పి చూడలేదు. పెద్దాయన విద్య ఇస్తాడు, పిల్లవాడు కూలి లేని సాయం ఇస్తాడు. మనది చీరకు ఇంత అనే కూలి. నేర్పుతూ కూర్చుంటే చీర ఆలస్యం, కూలి తక్కువ. ఆ నష్టాన్ని పిల్లవాడి పని పూడ్చేది. అంటే నేర్పిన దానికి ఖరీదు కట్టింది పిల్లల చదువే. మా చదువు ఎనిమిదితో ఆగింది కూడా ఆ పక్క చోటు కోసమే. అడ్వాన్సు తీసుకున్న ఇళ్ల పిల్లలు ఆ బాకీ తీరేదాకా మగ్గానికే కట్టుబడ్డ రోజులూ ఉన్నాయి. 1986లో బాల కార్మిక చట్టం వచ్చింది. ఇంటి పనికి మినహాయింపు ఉన్నా మెల్లమెల్లగా పిల్లలు బడి దారి పట్టారు. అది మంచిదే. ఆ రోజులు మళ్లీ రావాలని ఎవరన్నా అంటే మేము ఒప్పుకోం. కానీ పక్క చోటు ఖాళీ అయింది. దాని బదులు ఏం పెట్టాలో ఎవరమూ ఆలోచించలేదు.

ఈ లోపల సాధనాలు మారాయి. మద్రాసు ప్రభుత్వం తరఫున 1906లో సేలంలో నేత ఫ్యాక్టరీ పెట్టి ఫ్లై షటిల్ మగ్గాలు చూపించారు. తరవాత తరవాత జకార్డు వచ్చింది. అంతకు ముందు డిజైను కోసం నూలుతో అడై కట్టేవాళ్లు, ఆ పనివాళ్లకు పని పోయింది. ఇప్పుడు కంప్యూటర్ డిజైను. కొత్తది వచ్చిన ప్రతిసారీ ఒకటే మాట, “ముసలాళ్లకు ఇది రాదులే.”

ఆ మాట మేమూ అన్నాం. కొన్నేళ్ల కింద మా సొసైటీకి ఒక శిక్షణ వచ్చింది. ఫారంలో 35 ఏళ్ల లోపు వాళ్లే అని ఉంది. అరవై దాటిన ఐదుగురి పేర్లు మా చేత్తోనే కొట్టేశాం. పిల్లలు కంప్యూటర్లో డిజైను చక్కగా నేర్చుకున్నారు. చీరలు మాత్రం తిరిగి వచ్చాయి, అంచు కలిసే చోట ముడతలు. మేము కొట్టేసిన పేర్లలో ఒక పెద్దాయన ఇంటికే వెళ్లి అడగాల్సి వచ్చింది. “నా పేరు కొట్టేసింది మీరే కదా నాయనా” అన్నాడు. మా దగ్గర జవాబు లేదు. అయినా మర్నాడు వచ్చి కూర్చున్నాడు.

ఆయన నేస్తే ముడత లేదు. ఎందుకో ఆయన చెప్పలేకపోయాడు. “చెయ్యి చేస్తుంది, నాకేం తెలుసు” అంటాడు. కొత్తగా చేరిన అమ్మాయి ఒకతె ఫోనులో వీడియో తీసి, మెల్లగా తిప్పి చూపించింది. నాడె వదిలే ముందు బొటనవేలు పోగును రవ్వంత ఆపుతోంది. అది చూసి అందరికన్నా ఎక్కువ ఆశ్చర్యపోయింది పెద్దాయనే. “ఇన్నాళ్లూ ఇది చేస్తున్నానా తాతా నేను!” అని ఆ పిల్లనే తాతా అని పిలిచి నవ్వాడు.

దీనికి పెద్ద ఉదాహరణ తెలంగాణలోనే ఉంది. ఆలేరు దగ్గర శారాజీపేట చింతకింది మల్లేశం గారు, ఆసు పోసి పోసి తల్లి లక్ష్మి భుజం నొప్పి పడటం చూసి, ఏళ్ల తరబడి కష్టపడి 1999లో ఆసు యంత్రం చేశారు. దానికి తల్లి పేరే పెట్టారు. 2017లో పద్మశ్రీ వచ్చింది. ఆ యంత్రంలో తిరిగేది తల్లి చెయ్యే, కొడుకు దాన్ని కళ్లతో నేర్చుకున్నాడు.

తెలుగు రాష్ట్రాల్లో నేతగాడికి 50 ఏళ్లకే పింఛను. మగ్గం ఒంటిని ఎంత అరగదీస్తుందో సర్కారు గుర్తించింది, సంతోషం. అయితే నడుము అరిగిందంటే విద్య అరిగినట్టు కాదు. దేశంలో నేత, దాని అనుబంధ పనివాళ్లు 2009-10 లెక్కల్లో 43 లక్షలు దాటి ఉంటే, 2019-20 లెక్కలకు 35 లక్షల చిల్లరకు దిగారు. తగ్గిన ప్రతి చేతితో ఎంత విద్య పోయిందో ఏ లెక్కలోనూ లేదు.

మా కమిటీ ఇప్పుడు రెండు తీర్మానాలు చేసింది. శిక్షణకు వయసు అడగం. నేర్పే పెద్దలకు, ఆడవాళ్లకైనా మగవాళ్లకైనా, చీర కూలి కాక రోజు కూలి సొసైటీ ఇస్తుంది. మొత్తం చిన్నదే. పోయినసారి జనరల్ బాడీలో “ఊరికే కూర్చున్న వాళ్లకు డబ్బేంటి” అని గట్టిగానే అడిగారు. ఆ ముడతల చీరల మీద వచ్చిన నష్టం లెక్క చదివి వినిపించాం.

సోలాపూరులో, బరంపురంలో, సేలంలో, యానాంలో ఉన్న మన సంఘాలకు మా మనవి ఇదే. పక్క చోటులో మళ్లీ చిన్నపిల్లలను కూర్చోబెట్టొద్దు. చదువుకున్న పిల్లలను కూలి ఇచ్చి కూర్చోబెట్టండి. పెద్దలకు నేర్పే కూలి ఇవ్వండి. మీ దగ్గర ఏం చేశారో మాకూ రాయండి, నేర్చుకుంటాం.