బెరిబెరిని జయించిన నౌకావైద్యుడు

నెల్లూరు పేరు చెప్పగానే తెలుగువారికి మొలగొలుకుల బియ్యం జ్ఞప్తికి వస్తుంది. పెన్నా నది నీటితో పండే ఆ సన్నబియ్యాన్ని మెచ్చుకోనివారు అరుదు. అయితే ఆ తీరానికి వైద్యగ్రంథాల్లో మరొక ప్రసక్తి కూడా ఉన్నది. అది బెరిబెరి అనే వ్యాధిని గురించినది. గంజాం మొదలుకొని దక్షిణంగా నెల్లూరు వైపుకు, సముద్రం వెంబడి సాగే కోస్తా ప్రాంతంలో ఈ వ్యాధి వంద సంవత్సరాలకు పైగా తిష్ఠ వేసుకొని ఉండేది. కుంఫిణీ ప్రభుత్వపు మద్రాసు వైద్యశాఖలో పనిచేసిన జాన్ గ్రాంట్ మాల్కంసన్ దీనిని గురించి 1835లోనే ఒక గ్రంథం ప్రకటించాడు.

బెరిబెరి లక్షణాలు చిత్రంగా ఉంటాయి. మొదట కాళ్లు బరువెక్కుతాయి, తిమ్మిరి పడతాయి. నేలమీద పాదం ఆనినదీ లేనిదీ రోగికి తెలియదు. కొందరిలో కండరాలు కృశించి, నడక పడిపోతుంది. మరికొందరిలో ఒళ్లు నీరు పట్టి ఉబ్బుతుంది, గుండె దడదడ కొట్టుకుంటుంది, ఆయాసం హెచ్చి, నిన్నటిదాకా తిరిగిన మనిషి ఉన్నట్టుండి మరణిస్తాడు. సముద్రపు గాలి, భూమినుండి లేచే చెడు ఆవిరి, తేమ అంటూ వైద్యులు రకరకాల కారణాలు చెప్పేవారు. కంచంలోని అన్నాన్ని అనుమానించినవారు అంతగా లేరు.

ఈ వ్యాధికి అడ్డుకట్ట వేసే ఉపాయం మన తీరంలో కాక, మనవలెనే బియ్యమే ప్రాణాధారంగా గల జపానులో ముందుగా దొరికింది. దానిని కనుగొన్నవాడు ప్రయోగశాలలో పనిచేసిన శాస్త్రజ్ఞుడు కాడు, యుద్ధనౌకల వైద్యుడు. అతని పేరు తకాకి కనెహిరో.

తకాకి 1849లో, నేడు మియజాకి అని పిలువబడే ప్రాంతంలో, సట్సుమా సంస్థానానికి చెందిన సామాన్య సమురాయి కుటుంబంలో జన్మించాడు. చిన్నతనంలో చీనా వైద్యం నేర్చుకున్నాడు. 1868లో జపానులో అంతర్యుద్ధం వచ్చినప్పుడు సట్సుమా సేనలతో వైద్యుడుగా వెళ్లాడు. తుపాకి గుండ్ల గాయాలకు తన పాత వైద్యం చాలదని అక్కడ తెలిసివచ్చింది. తరువాత కగోషిమాలో విలియం విల్లిస్ అనే ఆంగ్ల వైద్యుని వద్ద పాశ్చాత్య వైద్యం అభ్యసించి, 1872లో నౌకాదళంలో చేరాడు. 1875లో ప్రభుత్వం అతణ్ణి లండనులోని సెయింట్ థామస్ వైద్యకళాశాలకు పంపింది. అయిదేళ్లు అక్కడ చదివి 1880లో స్వదేశం చేరుకొని, టోకియోలోని నౌకాదళ వైద్యశాలకు అధిపతి అయ్యాడు.

ఆ వైద్యశాల నిండా బెరిబెరి రోగులే. జపానువారు దీనిని కక్కే అంటారు. 1883లో నౌకాదళంలో ఉన్న 5,346 మందిలో 1,236 మందికి ఈ వ్యాధి సోకింది. అంటే నూటికి 23 మంది అన్నమాట. శత్రువు కనబడకముందే దళంలో నాలుగోవంతు మంచం పడితే ఆ ఓడలు యుద్ధానికి ఎట్లా వెళ్లగలవు? 1882లో కొరియా తీరంలో అల్లర్లు చెలరేగి యుద్ధనౌకలను పంపవలసి వచ్చినప్పుడు ఈ భయం ఊహ కాదని అధికారులకు అనుభవమయింది.

ఇంగ్లండులో ఉన్నంతకాలం తకాకికి బెరిబెరి రోగి కనబడలేదు. తన ఓడలలో మాత్రం ఎందుకింత ఉన్నది? అతడు మందులు వెతకలేదు, లెక్కలు తీయించాడు. ఏ ఓడలో ఎందరికి వచ్చింది, ఏ ఋతువులో వచ్చింది, ఎటువంటి బట్టలు, ఎటువంటి గదులు, ఏ హోదా. బట్టలకూ గదులకూ వ్యాధికీ పొంతన కుదరలేదు. హోదాకు మాత్రం కుదిరింది. మామూలు నావికులకు ఎక్కువ, చిన్న అధికారులకు తక్కువ, పెద్ద అధికారులకు బహుస్వల్పం. తేడా భోజనంలో ఉన్నది. ఆ రోజుల్లో నావికులకు తిండి బదులు తిండి ఖర్చు ఇచ్చేవారు. బీద రైతుల బిడ్డలైన ఆ కుర్రవాళ్లు తెల్లని బియ్యం మాత్రం కొనుక్కొని, కూరలకూ చేపలకూ కావలసిన డబ్బు మిగిల్చి ఇంటికి పంపుకొనేవారు. ఇంట్లో ఆ నాలుగు డబ్బులకు ఎదురుచూసేవారున్నారు గదా! ఆ పొదుపే వారి కాళ్లను పడగొడుతున్నదని వారికి తెలియదు.

ఇంతలో ర్యూజో అనే శిక్షణనౌక కథ జరిగింది. 1882 డిసెంబరులో బయలుదేరి న్యూజీలాండు, చిలీ, పెరూ, హవాయి మీదుగా తిరిగివచ్చేసరికి తొమ్మిది నెలలు పట్టింది. ఓడలో 376 మంది ఉంటే 169 మందికి బెరిబెరి వచ్చింది, 25 మంది మరణించారు. ఓడను నడిపే చేతులు కరవయినంత పని అయింది. హవాయిలో పాత సామగ్రి మార్చి మాంసం, కూరగాయలు ఎక్కించిన తరువాత రోగులు కోలుకొన్నారు.

తకాకికి కావలసిన అవకాశం ఇదే. మరొక శిక్షణనౌకను అదే దారిలో, అన్నే రోజులు తిప్పి, తిండి మాత్రం మార్చి చూడాలని అతడు పట్టుబట్టాడు. విద్యార్థులు ఇక్కడ ఆగి ఆలోచించవలసిన విషయం ఒకటున్నది. దారి, దూరం, శీతోష్ణాలు, ఓడ జీవితం అన్నీ దాదాపు సమానంగా ఉంచి ఒక్క ఆహారాన్ని మారిస్తే, ఫలితంలో వచ్చే తేడా ఆహారం వల్లనే అని చెప్పడానికి వీలవుతుంది. రెండు ఓడలనూ ఒకేసారి పంపి ఉంటే ఇంకా బాగుండేది, నిజమే. కాని రోగం తెప్పించే తిండి అని అనుమానం కలిగిన తరువాత మరో మూడు వందల మందికి అదే పెట్టి చూడటం ఏ వైద్యుడికి సాధ్యం?

మాంసం, డబ్బాపాలు, రొట్టెలు అంటే ఖర్చు. ధనం కొరకు అతడు మంత్రుల ఇళ్ల చుట్టూ తిరగవలసి వచ్చింది. 1883 నవంబరులో మెయిజీ చక్రవర్తి దర్శనం లభించింది. ఆ చక్రవర్తి కూడా బెరిబెరితో బాధపడినవాడే. చివరకు అనుమతి వచ్చింది. 1884 ఫిబ్రవరిలో త్సుకుబా అనే ఓడ బయలుదేరి, 287 రోజులు అదే ప్రయాణం చేసింది. పరీక్ష విఫలమైతే తకాకి ఉద్యోగమే కాదు, పరువు కూడా దక్కేది కాదు. నవంబరులో ఓడ తిరిగివచ్చింది. 333 మందిలో పదిహేను మందికి అటూఇటూగా మాత్రమే వ్యాధి సోకింది, మరణించినవాడు ఒక్కడూ లేడు. ఆ రోగులలో ఎక్కువమంది కూడా తమకిచ్చిన మాంసమో పాలో ముట్టనివారేనట.

కొత్త భోజనం నౌకాదళమంతటా ప్రవేశపెట్టారు. కాని నావికులకు రొట్టె గొంతు దిగలేదు. కొందరు దానిని సముద్రంలోకి విసిరివేసేవారు. తకాకి పంతానికి పోక, 1885లో రొట్టెను తగ్గించి, బియ్యంలో సగానికి సగం యవలు కలిపి వండించాడు. ఆ సంవత్సరం 6,918 మందిలో వ్యాధిగ్రస్తులు 41 మంది. మరుసటి ఏడు 8,475 మందిలో ముగ్గురు! 1883లో 49 మందిని పొట్టనబెట్టుకొన్న వ్యాధికి 1885లో ఒక్కరూ బలికాలేదు.

ఇంతటి విజయం సాధించినవాడు కారణం విషయంలో మాత్రం పొరబడ్డాడు. ఆహారంలో నత్రజని ఒక పాలు ఉంటే కర్బనం పదిహేను పాళ్లు ఉండాలనీ, నావికుల తిండిలో కర్బనం ఆ మోతాదును మించిపోయిందనీ, మాంసకృత్తుల లోపమే వ్యాధికి మూలమనీ అతడు వాదించాడు. టోకియో విశ్వవిద్యాలయపు పండితులు వెంటనే ఒక చిక్కు ప్రశ్న వేశారు. యవలలోని మాంసకృత్తులు బియ్యంలోని వాటికంటె తక్కువగా జీర్ణమవుతాయి గదా, మరి యవలతో రోగం ఎట్లా తగ్గుతుంది? ఆ ప్రశ్న న్యాయమైనదే. తకాకి వద్ద జవాబు లేదు, లెక్కలు మాత్రమే ఉన్నవి.

సైనికశాఖ వైద్యులు అధికసంఖ్యాకులు జర్మనీ శాస్త్రాన్ని గురువుగా భావించినవారు. 1882లో రాబర్ట్ కోఖ్ క్షయక్రిమిని కనిపెట్టిన తరువాత ప్రతి వ్యాధికీ ఒక సూక్ష్మక్రిమి ఉండి తీరుతుందనే నమ్మకం బలపడింది. 1885లో టోకియోలో బెరిబెరి క్రిమి దొరికిందని ఒక ప్రకటన కూడా వెలువడింది. అది నిజం కాదని కిటసాటో తేల్చినా నమ్మకం చెక్కు చెదరలేదు. జపాను సాహిత్యంలో గొప్ప కథకుడుగా కీర్తి గడించిన మోరి ఓగై వృత్తిరీత్యా సైనిక వైద్యుడు. తెల్లబియ్యపు భోజనాన్ని గట్టిగా సమర్థించినవారిలో అతడొకడు. కారణం చెప్పలేని చికిత్సను శాస్త్రం అనరాదన్నది వారి పట్టుదల. వినడానికి ఇది గంభీరంగానే ఉంటుంది.

ఆ పట్టుదలకు మూల్యం చెల్లించినవారు సిపాయిలు. 1894-95లో చీనాతో జరిగిన యుద్ధంలో జపాను సైన్యంలో నాలుగు వేలకు పైగా బెరిబెరితో మరణించారు. యుద్ధంలో దెబ్బతిని చనిపోయినవారు అంతకంటె తక్కువే. 1904-05లో రష్యాతో జరిగిన యుద్ధంలో దాదాపు రెండున్నర లక్షల మందికి వ్యాధి సోకి, సుమారు 27 వేల మంది కన్నుమూశారు. అదే యుద్ధంలో నౌకాదళానికి బెరిబెరి ఒక సమస్యే కాలేదు. త్సుకుబా ప్రయాణం ముగిసి అప్పటికి ఇరవై ఏళ్లు.

తకాకి 1885లో నౌకాదళ ప్రధాన వైద్యాధికారి అయ్యాడు. 1888లో జపాను ప్రభుత్వం మొట్టమొదటిసారిగా ఇచ్చిన వైద్య డాక్టరు పట్టాలలో ఒకటి అతనిది. బీదలకు ధర్మవైద్యశాల నెలకొల్పాడు. వైద్యపాఠశాల స్థాపించాడు, అది నేడు జికెయి వైద్య విశ్వవిద్యాలయం. 1885లో జపానుకు మొదటి నర్సుల శిక్షణశాల అతని చలవే. 1905లో బారన్ బిరుదు లభించింది. జనం మాత్రం ముద్దుగా యవల బారన్ అని పిలిచేవారు. మరుసటి సంవత్సరం తాను చదివిన సెయింట్ థామస్ లోనే తన అనుభవాలపై ఉపన్యాసాలు ఇచ్చాడు. 1920లో మరణించాడు.

అసలు కారణం బయటపడటానికి కోళ్లు కావలసి వచ్చాయి. జావా ద్వీపంలో డచ్చి సైనికవైద్యుడు ఐక్‌మన్ తెల్లబియ్యం తిన్న కోళ్లు కాళ్లు పడిపోవటం, తవుడు పెట్టగానే లేచి తిరగటం గమనించి 1897లో వివరంగా ప్రకటించాడు. బియ్యంలో ఏదో విషం ఉన్నదనీ తవుడు దానికి విరుగుడనీ అతడు మొదట భావించాడు. తవుడులో జీవానికి అవసరమైన పదార్థమే ఉన్నదనీ, అది లోపించటమే వ్యాధి అనీ 1901లో గ్రైన్స్ సూచించాడు. 1912లో ఫంక్ ఇటువంటి పదార్థాలకు విటమిన్ అనే పేరు ప్రచారంలోకి తెచ్చాడు. బెరిబెరిని నివారించే పదార్థం థయమిన్, అనగా బి1 విటమిన్. దానిని 1926లో జావాలోనే స్ఫటికరూపంలో వేరుచేశారు. 1936లో అమెరికాలో విలియమ్స్ కృత్రిమంగా తయారుచేశాడు. పిండిపదార్థాలనుండి శరీరం శక్తిని రాబట్టుకొనే రసాయనక్రియలకు థయమిన్ అత్యవసరం. నరాలకూ గుండెకూ శక్తి సరఫరా తగ్గితే ముందుగా దెబ్బతినేది అవే. శరీరంలో దీని నిల్వ కొద్ది వారాలకే సరిపోతుంది. యవలలో, పప్పులలో, మాంసంలో ఇది ఉన్నది. తకాకి నావికులకు మేలు చేసినది మాంసకృత్తులు కాదు, వాటితో కలిసివచ్చిన ఈ విటమినే. అంటార్కిటికాలో ఒక భూశిరానికి 1959లో తకాకి పేరు పెట్టారు. ఐక్‌మన్, ఫంక్ పేర్లు కూడా ఆ చుట్టుపక్కలనే ఉన్నవి.

ఇక మన తీరానికి వద్దాం. దక్షిణాన తమిళదేశంలో ఉప్పుడు బియ్యం తినేవారు మెండు. సర్కారు జిల్లాలవారు పచ్చిబియ్యం ప్రియులు. వడ్లను నానబెట్టి ఉడికించినప్పుడు పైపొరలలోని థయమిన్ కొంత గింజలోనికి ఇంకుతుంది. తరువాత మరలో ఎంత పాలిషు పట్టినా అది పోదు. పచ్చివడ్లను మర పట్టిస్తే తవుడుతోపాటు విటమినూ వెళ్లిపోతుంది. మలయాలో కూడా తెల్లబియ్యం తినే చీనా కూలీలకు బెరిబెరి ఎక్కువ, ఉప్పుడు బియ్యం తినే తమిళ కూలీలకు అరుదు. రోకటితో దంచుకొన్నంతకాలం పచ్చిబియ్యమైనా కొంత తవుడు మిగిలేది. ఊరూరా మరలు వచ్చాక ఆ కాస్తా కరవయింది. తవుడు గేదెకు, తెల్లని మెతుకు మనిషికి!

1918లో కూనూరులో మెక్కారిసన్ ఒక్క గదిలో ప్రారంభించిన పరిశోధనశాలకు మొదటి పేరే బెరిబెరి విచారణ. అతని తరువాత ఏక్రాయిడ్, అతని సహచరులు సర్కారు జిల్లాల బియ్యాన్నీ భోజనాన్నీ పరిశీలించారు. 1941లో ప్రకటించిన ఒక అధ్యయనంలో వారు ఈ ప్రాంతపు శిశుమరణాలను పరీక్షించారు. తల్లి ఆహారంలో థయమిన్ లేకపోతే ఆమె పాలలోనూ ఉండదు. పాలు కడుపునిండా త్రాగిన బిడ్డ కొద్ది నెలల వయసులోనే గొంతు బొంగురుపోయి, గుండె ఆగి మరణించవచ్చు. దిష్టి అనో, గాలి అనో చెప్పి పూడ్చిపెట్టిన పసిగుడ్డులలో బెరిబెరికి బలైనవారు ఉన్నారనుకోవటానికి ఆస్కారం చాలా ఉన్నది. తరువాతి దశాబ్దాలలో పప్పు, కూర, పాలు భోజనంలో పెరిగినకొద్దీ వ్యాధి అరుదైపోయింది.

కూనూరు పరిశోధనశాల 1958లో హైదరాబాదుకు తరలివచ్చింది. అదే నేటి జాతీయ పోషకాహార సంస్థ. అది ప్రచురించిన ఆహారపట్టికల ప్రకారం 100 గ్రాముల మర పచ్చిబియ్యంలో థయమిన్ 0.06 మిల్లీగ్రాములు, దంపుడు బియ్యంలో 0.21, మర పట్టిన ఉప్పుడు బియ్యంలోనూ 0.21, తవుడులో 2.7 మిల్లీగ్రాములు. రోజుకు 400 గ్రాముల బియ్యం తినేవానికి మర పచ్చిబియ్యం వల్ల దొరికేది 0.24 మిల్లీగ్రాములు, దంపుడు బియ్యం వల్ల 0.84. పెద్దవారికి కావలసినది ఒక మిల్లీగ్రాముకు పైమాటే. థయమిన్ నీటిలో కరుగుతుంది కనుక, బియ్యాన్ని నాలుగైదు నీళ్లు కడిగి, గంజి వార్చి పారబోసే ఇంట్లో ఈ లెక్కలోనుండి ఇంకా కొంత తీసివేయాలి.