క్షీణయుగమను తీర్పు – అలోయిస్ రీగ్ల్

చరిత్ర వ్రాయువారు కాలమును విభజించి, యొకదానికి స్వర్ణయుగమనియు, మరియొకదానికి క్షీణయుగమనియు పేరు పెట్టుట పరిపాటి. మన సాహిత్యచరిత్రలలోని ‘క్షీణయుగ’మను మాట బాలురకు సైతము కంఠస్థము. ఒకసారి యాముద్ర పడినపిమ్మట నాకాలపు గ్రంథమును తెరచి చూచువారరుదు. ఇట్టి తీర్పు న్యాయమా యని కళాచరిత్రలో గట్టిగా ప్రశ్నించినవాడు ఆస్ట్రియాదేశీయుడగు అలోయిస్ రీగ్ల్.

ఆయన 1858లో లింట్స్ పట్టణమున జన్మించెను. వియన్నాలో మొదట న్యాయశాస్త్రమును, పిమ్మట తత్త్వశాస్త్రమును, చరిత్రను అభ్యసించెను. 1886లో ఆనగరమందలి కళాపరిశ్రమల ప్రదర్శనశాలలో ప్రవేశించి, సుమారు పదేండ్లు నేతబట్టల శాఖలో పనిచేసెను. మహాశిల్పుల విగ్రహములు గాక, తివాచీలును, బట్టల యంచులును, శిథిలమైన గుడ్డపీలికలును ఆయనకు పాఠ్యగ్రంథములయ్యెను. పండితులు తక్కువగా జూచు వస్తువులతోడి యీ సహవాసమే ఆయన దృష్టిని మార్చినదని చెప్పవచ్చును.

అలంకారములన్నియు నేత, అల్లిక మొదలగు పనులనుండియే తమంతట పుట్టినవని సెంపర్ అను విద్వాంసుని అనుయాయులు ఆనాడు బోధించుచుండిరి. 1893లో ప్రకటించిన ‘శైలీప్రశ్నలు’ అను గ్రంథమున రీగ్ల్ దీనిని ఖండించెను. నేత యెరుగని గుహావాసులు ఎముకలపై జంతువులను చక్కగా చెక్కిరిగదా యని ఆయన వాదము. ఈజిప్టువారి తామరపువ్వు గ్రీకుల లతగా మారి, తుదకు అరబ్బుల యల్లికగా పరిణమించిన క్రమమును ఆయన మెట్టుమెట్టుగా చూపెను. కొరింథులో నొక కన్య సమాధిపై నుంచిన బుట్టచుట్టును అకాంథస్ మొక్క పెరుగగా జూచి, శిల్పియొకడు స్తంభశీర్షమును కల్పించెనని రోమను రచయిత విట్రూవియస్ చెప్పిన కథ కలదు. రీగ్ల్ దీనిని నమ్మలేదు. ఆయాకు పొలమునుండి రాలేదు. పూర్వపు ఆకుచిత్తునే శిల్పులు క్రమముగా మార్చిరని ఆయన సిద్ధాంతము.

1897లో వియన్నా విశ్వవిద్యాలయమున పూర్ణాచార్యుడైన రీగ్ల్, 1901లో రోమనుల కడపటి కాలపు కళను గూర్చి వ్రాసెను. 315లో పూర్తియైన కాన్‌స్టాంటైన్ చక్రవర్తి విజయతోరణముపై నున్న పొట్టివిగ్రహములను జూచి, అనాగరికులచే కళ నశించెనని విద్వాంసులు విచారించుచుండిరి. రీగ్ల్ అట్లనలేదు. ఆశిల్పులకు చేతగాక కాదు. వారు కోరినదే వేరు. ప్రతి రూపమును గాఢమైన నీడతో వేరుపరచి, వెలుగుచీకట్ల క్రమమును సాధించుటయే వారి యుద్దేశమనెను. ప్రతి కాలమునకును గల యిట్టి కోరికకు ఆయన పెట్టిన పేరును మనము ‘కళాసంకల్ప’మనవచ్చును.

దీనిపై ఆక్షేపణలు లేకపోలేదు. ఈసంకల్పము ఎవరిది? వ్యక్తిదా, జాతిదా? శిల్పమును జూచి సంకల్పము నూహించి, ఆసంకల్పముతోనే శిల్పమును వివరించుట చక్రకదోషము కాదా? వియన్నాలోనే చదివిన గోంబ్రిచ్ ఈభావమును తీవ్రముగా విమర్శించెను. ఈవిమర్శలో బలమున్నది. అయినను, దోషము సిద్ధాంతమునకే గాని, తీర్పునకు ముందు విచారణ జరుగవలెనను నియమమునకు కాదు.

1903లో రీగ్ల్ ప్రాచీనకట్టడముల రక్షణను గూర్చి వ్రాసెను. కట్టడమునకు చారిత్రకమగు విలువయే గాక, కాలము దానిపై వేసిన గురుతులవలన కలుగు విలువయు కలదనియు, దానిని గ్రహించుటకు పాండిత్య మక్కరలేదనియు ఆయన మతము. పాతదానిని క్రొత్తదిగా జేయుట రక్షణ కాదని దీనివలన తేలుచున్నది. 1905లో, నలువదియేడవయేట, ఆయన మరణించెను.

ప్రతి కాలపు రచనయు గొప్పదని మన మొప్పుకొననక్కరలేదు. కాని ‘క్షీణము’ అని బాలునిచే వల్లింపించుటకు ముందు, ఆకాలపు పద్యములు పదియైనను వానిచే చదివింపవలెను. వారేమి చేయదలచిరో, దానిని చేయగలిగిరో లేదో వానినే యడుగవలెను. తీర్పు ఆపిమ్మట చెప్పుకొనవచ్చును.